ఈశ్వరమ్మ ఇంటి కిటికీ

తగాదా రెండంగుళాల దగ్గర మొదలైంది.

ముందుగది కిటికీ వెడల్పు నాలుగడుగుల రెండంగుళాలని సెలీనా, కాదు నాలుగడుగుల నాలుగంగుళాలని కిరణ్ పాల్. ఇద్దరూ ఒకే టేపుతో, ఒకే ఆదివారం, పది నిమిషాల తేడాలో కొలిచారు. ఆమె తన కొలతని పాల చీటీల పుస్తకం వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసుకుంది. అతను ఫోన్‌లో ఎక్కించుకున్నాడు. ఫోన్‌లోకి ఎక్కినంత మాత్రాన కిటికీ సాగదని ఆమె అంటే, అట్ట మీద రాసినంత మాత్రాన కుంచించుకుపోదని అతను అన్నాడు. ఆ శనివారం పొద్దున రెండు గ్లాసుల్లోనూ కాఫీ చల్లారిపోయింది. కర్టెన్ గుడ్డ అప్పటికే కొనేశారు. లేత పసుపు మీద సన్నటి ఆకుపచ్చ గళ్ళు. కత్తెర పెట్టడమే తరువాయి.

"నువ్వు చట్రం లోపల కొలిచావు. కర్టెన్ వేలాడేది చట్రం బయట" అన్నాడు కిరణ్ పాల్.

"కడ్డీ లోపలే పెడదామన్నది మీరేనండీ. ఆ కిటికీ ముందే నిలబడి అన్నారు."

"అన్నానేమో. ఇప్పుడు బయట అంటున్నాను."

"అయితే మారింది కిటికీ కాదు, మీరు."

పక్క గదిలో మంచం మీద కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటున్న రాహేలు గొంతు పెంచింది. "ఇంకా మన పేరన రాని కిటికీ కోసం మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటున్నారు. ఆ టేపేదో ఇటు పట్రండి, పనిలో పని నా మోకాళ్ళు కూడా కొలుద్దురుగాని. ఏది ఎక్కువ వాచిందో తేలిపోతుంది."

ఇంటర్ చదువుతున్న కూతురు హెప్సీ నవ్వు ఆపుకోలేక పుస్తకంలో ముఖం దాచుకుంది. సెలీనా నవ్వలేదు. "మన పేరన వచ్చినట్టేనత్తయ్యా. ఈశ్వరమ్మగారు మాటిచ్చారుగా" అంది.

నల్లగండ్లలో వాళ్ళు అద్దెకుంటున్నది మూడో అంతస్తు. లిఫ్టు ఉంది. అది పనిచేసే రోజులూ ఉన్నాయి. రాహేలు గుంటూరులో ముప్పైమూడేళ్ళు నర్సుగా చేసి, మోకాళ్ళు ఆ వార్డుల్లోనే అరగదీసుకుని, కొడుకు దగ్గరికి వచ్చింది. ఆదివారం ఆరాధన మానడం ఆమె ఎరగదు. లిఫ్టు ఆగిపోయిన ఆదివారాల్లో మెట్ల మలుపు మలుపుకీ ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, కూర్చోబెట్టి, లేపి, మళ్ళీ కూర్చోబెట్టి కిందికి దించేవాళ్ళు. ఒకసారి అదీ చేతకాక కిరణ్ పాల్, వాచ్‌మన్ కలిసి కుర్చీతో సహా మోశారు. పై అంతస్తు పిల్లలు వీడియో తీశారు. పిల్లలకి అది సరదా. ఆ రోజు ఇంటికొచ్చాక రాహేలు చర్చికి కట్టుకునే తెల్లచీర మడతపెట్టి బీరువాలో అడుగున పెట్టేసింది. అప్పటినుంచి పదకొండు నెలలు ఆమె కిందికి దిగి నేల మీద కాలు పెట్టలేదు. ఆదివారం ఫోన్‌లో ఆరాధన చూస్తూ పాటలు పాడుతుంది. ఫోన్‌లో పాట ఎప్పుడూ కాస్త ఆలస్యంగా వస్తుంది. అందరూ ముగించాక కూడా ఆ గదిలోంచి రాహేలు గొంతు ఒక్కటే ఆఖరి మాట పాడుతూ ఉంటుంది. చర్చి నుంచి ముందుగా ఇంటికొచ్చిన ఒక ఆదివారం సెలీనా దాన్ని గుమ్మం బయట నిలబడి వింది. ఆ తర్వాతే ఆమెకి ఇల్లు కావాలనిపించింది.

ఇల్లంటే పెద్ద కోరికలేం లేవు. నేల మీద ఉండాలి. అత్తగారు ఎవరి చెయ్యీ అడక్కుండా వాకర్ పట్టుకుని చర్చికి నడిచి వెళ్ళగలగాలి. ఆ రెండూ ఉన్న ఇల్లు ఏడు నెలలు వెతికితే దొరికింది. పుప్పాలగూడ పాత ఊళ్ళో, పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల వెనక సన్నటి సందు. ఈశ్వరమ్మ అనే పెద్దావిడ ఇల్లు. గేటు దాటాక ఒకే ఒక మెట్టు. ముందు చిన్న అరుగు, పక్కన జామచెట్టు, ముందుగదిలో తూర్పు కిటికీ. ఆ గేటు నుంచి వాళ్ళు వెళ్ళే చర్చి గేటుకి రెండువందల పన్నెండు అడుగులు. సెలీనా రెండుసార్లు నడిచి లెక్కపెట్టింది.

ఇల్లు చూపించింది యాదగిరి. నల్లగండ్లలో వాళ్ళ అపార్ట్‌మెంటు కిందే అతని జిరాక్స్ షాపు. అద్దెలకీ అమ్మకాలకీ ఇళ్ళు చూపించడం అతని రెండో పని. పుప్పాలగూడ అతని అత్తగారి ఊరు.

బేరం మాత్రం యాదగిరి కుదిర్చింది కాదు. మోకాళ్ళు కుదిర్చాయి. ఈశ్వరమ్మకీ మోకాళ్ళ నొప్పులే. ఇల్లు చూడ్డానికి రాలేని అత్తగారికి సెలీనా ఫోన్‌లో ఇల్లు చూపిస్తుంటే ఈశ్వరమ్మ ఆ ఫోన్ అందుకుంది. ఇద్దరూ ఇరవై నిమిషాలు మోకాళ్ళ గురించే మాట్లాడుకున్నారు. మంచం ఎంత ఎత్తుండాలో, ఏ కాలు ముందు దించాలో రాహేలు చెప్పింది. ఈశ్వరమ్మ ఫోన్ తిరిగిస్తూ, "దవాఖానల గూడ ఇంత మంచిగ ఎవ్వరు జెప్పలే. గీ ఇల్లు మీకే బిడ్డా. మీరు అడిగిన కాడికే. మాటంటే మాటనే" అంది. అడ్వాన్సుగా ఇచ్చిన బయానా కవరు తీసుకుని ఇనప బీరువాలో పెట్టుకుంది. అగ్రిమెంటు కాగితం మీద ఆవిడతోపాటు ఇద్దరు కొడుకులూ సంతకం పెట్టాలి. పెద్దవాడు గచ్చిబౌలిలోనే ఉంటాడు. చిన్నవాడు పుణె నుంచి రావాలి, అతనికి మూడు వారాలదాకా సెలవు లేదు. ఆగుదామనుకున్నారు.

ఆ మూడు వారాల్లో ఎవరికీ చెప్పొద్దని కిరణ్ పాల్ గట్టిగా చెప్పాడు. ఆఫీసులో ఇద్దరికి ఇలాగే చేతికొచ్చిన ఇళ్ళు పోయాయి. కాగితం అయ్యేదాకా నోరు మెదపకు అన్నాడు. సెలీనా సరేనంది. కానీ ఆమెకో మొక్కుబడి ఉంది. ఆ ఆదివారం గుమ్మం బయట నిలబడ్డప్పుడు మొక్కుకుంది, అత్తయ్య నడిచి చర్చికి వెళ్ళే ఇల్లు దొరికితే, దొరికిన వారమే చర్చి స్త్రీల ప్రార్థన కూడికలో ఆ మేలు గురించి సాక్ష్యం చెబుతానని. భర్త మాట ఒకపక్క, మొక్కు ఒకపక్క. గురువారం సాయంత్రం అత్తగారిని అడిగింది. "మేలు అందుకుని నోరు మూసుకుంటావా? వెళ్ళి చెప్పు. వాడికి నేను చెబుతాలే" అంది రాహేలు. చెప్పడం మాత్రం మర్చిపోయింది. లేక వాయిదా వేసింది.

కూడిక పుణ్యవతి ఆంటీ ఇంట్లో జరిగింది. చర్చిలో సెలీనాకి అందరికంటే దగ్గరి మనిషి ఆవిడే. నల్లగండ్లలోనే, వీళ్ళ వీధి చివరి అపార్ట్‌మెంట్లో కొడుకు రోహిత్‌తో ఉంటుంది. హెప్సీ పుట్టినప్పుడు పదకొండు రోజులు పథ్యం వండి పెట్టింది. ఆ శుక్రవారం పద్నాలుగుమంది వచ్చారు. మామూలుగా సాక్ష్యాలంటే, దేవుడు గొప్ప మేలు చేశాడు, అది చెప్పడానికి మాటలు చాలవు అని ఏడ్చి కూర్చుంటారు. సెలీనాకి ఆ పద్ధతి నచ్చదు. మేలు ఎంతో అంత చెప్పకపోతే అందులో కొంత మనం దాచుకున్నట్టే కదా అనుకుంటుంది. అందుకని లేచి నిలబడి మొత్తం చెప్పింది. ఏ ఊరు, ఏ సందు, ఎన్ని గజాలు. ఆ సందులో గజం ఏ ధర పలుకుతోంది, ఈశ్వరమ్మగారు తమకి ఏ ధరకి ఒప్పుకుంది, ఎందుకు ఒప్పుకుంది. చిన్నకొడుకు ఏ తారీఖున వస్తున్నాడు. గేటు నుంచి గేటుకి ఎన్ని అడుగులు. ఒక్కో మాటకీ గదిలో ఆమెన్ వినిపించింది. రెండువందల పన్నెండు అనగానే పుణ్యవతి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. సెలీనాకి ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే ఒళ్ళు తేలికైంది.

ఇది జరిగిన ఎనిమిదో రోజు, ఆ శనివారమే, చల్లారిన కాఫీ పక్కన ఫోన్ మోగింది. యాదగిరి.

"అక్కా, సార్ ఉన్నడా? జర పరేషాన్ అయ్యే ముచ్చటే. ఈశ్వరమ్మ పెద్దకొడుకుకు ఇంకో పార్టీ దొరికింది. మీకంటె చానా ఎక్కువ ఇస్తమంటున్నరట. నాకు ఇప్పుడే ఫోన్ జేసిండు. నేను తెచ్చిన పార్టీ గాదక్కా, ఎవ్వరో నాకు ఎరికలే."

కిరణ్ పాల్ ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. తలుపు మూసుకున్నాడు. అద్దంలోంచి సెలీనాకి అతని చెయ్యి కనిపిస్తోంది. మొదట ఆ చెయ్యి వేలెత్తి మాట్లాడింది, తర్వాత నుదుటి మీదికి వెళ్ళింది, ఆ తర్వాత అలాగే ఉండిపోయింది. అతను పెంచగలిగినంత పెంచాడు. బ్యాంకు ఇచ్చే అప్పుకి ఒక హద్దు ఉంది. అవతలివాళ్ళు దాన్ని ఒక్క అంగలో దాటేశారు.

మధ్యాహ్నం ఇద్దరూ పుప్పాలగూడ వెళ్ళారు. పెద్దకొడుకు మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీలు వేయించాడు, మంచినీళ్ళిచ్చాడు. మీ తప్పేం లేదు సార్, మార్కెట్ గట్ల ఉంది, పిల్లల సదువులున్నయి అన్నాడు. ఈశ్వరమ్మ అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుంది. ఆవిడ ఇచ్చిన మాట సంగతి కిరణ్ పాల్ ఎత్తాడు.

"ఏం జెయ్యాలె బిడ్డా" అంది ఈశ్వరమ్మ. "ఇల్లు నాదే, నోరు నాదే. సంతకాలు మాత్రం ముగ్గురివి."

లోపలికి వెళ్ళి బయానా కవరు తెచ్చి సెలీనా చేతిలో పెట్టింది. సెలీనా దాన్ని తిప్పి చూసింది. తను కొట్టిన పిన్ను కొట్టినట్టే ఉంది. ఆవిడ అసలు విప్పనేలేదు. మాట అక్కర్లేదనుకునే మనిషైతే లెక్కపెట్టుకునేది కదా అనిపించింది. మీద పడి అరుద్దామనుకుని వచ్చిన కోపం ఆ పిన్ను దగ్గరే చచ్చిపోయింది. లేవబోతూ కిటికీ వైపు చూసింది. చట్రం మీద తను కొలత కోసం పెట్టిన పెన్సిల్ చుక్క అలాగే ఉంది. చట్రం లోపలి అంచున. దానికి బయటగా ఇంకో చుక్క, అతను పెట్టింది. రెండు కొలతలూ సరైనవే.

"మీ అత్తమ్మను అడిగిన్నని జెప్పు" అంది ఈశ్వరమ్మ గేటు దగ్గర. ఆ మాట సెలీనా ఇంటికొచ్చి చెప్పలేదు.

కర్టెన్ గుడ్డ కవర్లోనే మడతపెట్టి బీరువా మీద పెట్టింది. రాహేలు ఏమీ అడగలేదు. జోకులు కూడా వేయలేదు. ఆదివారం ఫోన్‌లో ఆరాధన వస్తుంటే సౌండ్ తగ్గించి చూసింది.

కిరణ్ పాల్ దుఃఖం మాత్రం కోపంలోకి దిగింది. అంత కచ్చితంగా ధర తెలుసుకుని, దానికి పైన పాడినవాళ్ళకి ఎవరో చెప్పి ఉండాలి. ధర తెలిసింది తమకి, ఈశ్వరమ్మ ఇంట్లోవాళ్ళకి, యాదగిరికి. ఈశ్వరమ్మ చెప్పదు. కొడుకేమో, వాళ్ళే వెతుక్కుంటూ వచ్చారన్నాడు. ఇంకెవరు మిగిలారు? సోమవారం ఆఫీసుకి వెళ్తూ షాపు ముందు బండి ఆపి, జిరాక్సుల కోసం నిలబడ్డ నలుగురి ముందు యాదగిరిని అడిగేశాడు, ఇద్దరికీ ఒకే ఇల్లు అమ్మి రెండువైపులా కమీషన్ తింటావా అని. అది చాలక అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, ఈ మనిషిని నమ్మి ఎవరూ ఇళ్ళ తాళాలు ఇవ్వొద్దని. సెలీనా ఆ సందేశాన్ని వంటింట్లో, ఒక చేత్తో పోపు గరిటె పట్టుకుని చదివింది. అప్పటికే కింద బొటనవేళ్ళు వరసకట్టి ఉన్నాయి. యాదగిరి అలాంటివాడని ఆమెకి అనిపించలేదు. కానీ ఇంకెవరో తనకీ తోచలేదు.

తోచింది శుక్రవారం.

కూడిక అయ్యాక పుణ్యవతి అందర్నీ పంపి సెలీనాని ఆపింది. టీ కలిపి తెచ్చి, ఎదురుగా కూర్చుని, టీ తాగనివ్వకుండా చేతులు పట్టుకుంది. "వేరేవాళ్ళ నోట వినే ముందు నేనే చెప్పాలని" అని మొదలుపెట్టి ఏడ్చేసింది. విషయం చెప్పడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. సాక్ష్యం విన్న మర్నాడు రోహిత్‌ని తీసుకుని పుప్పాలగూడ వెళ్ళిందట. అదే సందులో ఇంకేదైనా ఇల్లు అమ్మకానికి ఉందేమో కనుక్కుందామని.

"నీ పక్కన ఉందామనుకున్నానే. రేపు నా మోకాళ్ళు మాత్రం బాగుంటాయా? మీ అత్తగారూ నేనూ కలిసి నడిచి వెళ్ళొచ్చనుకున్నాను."

సందులో ఇంకే ఇల్లూ లేదు. వాళ్ళు ఈశ్వరమ్మ గేటు దగ్గర నిలబడి అడుగుతుంటే లోపల్నించి పెద్దకొడుకు వచ్చాడు. రోహిత్ జామచెట్టు చూశాడు, తూర్పు కిటికీ చూశాడు. గజం ధర వాళ్ళమ్మ ముందే చెప్పింది. ఆఫీసు నుంచి షేర్ల డబ్బు వచ్చి ఉంది. ఈవిడ వద్దంది. వద్దంటూనే ఉందట, వారం రోజులు. అన్నం మానేసిందట ఒక పూట. కొడుకు వినలేదు. అమ్మకం అన్నాక ఎవరు ఎక్కువిస్తే వాళ్ళది, కాగితం కానిదాన్ని వాళ్ళదంటావేంటమ్మా అన్నాడు.

సెలీనా టీ తాగింది. చక్కెర ఎక్కువైందని గమనించింది కూడా. పుణ్యవతిని తిట్టడానికి ఒక్క మాట దొరుకుతుందేమోనని లోపల వెతుక్కుంటే, దొరికినవన్నీ తన మీదికే తిరిగాయి. ఊరు చెప్పి ఊరుకోవచ్చు. సందు చెప్పి ఊరుకోవచ్చు. గజాల దాకా వెళ్ళింది తనే. కొసకి కొస సరిగ్గా చెప్పాలన్న పట్టింపు భక్తి అనుకుంది. అందులో భక్తి ఎంత, ఏడు నెలలు తిరిగి చవగ్గా సాధించానని పద్నాలుగుమంది ముందు చెప్పుకునే సంబరం ఎంత? ఇది మాత్రం ఏ టేపుకీ అందలేదు. వందనాలు చెప్పి ఇంటికొచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు.

రేపు చెబుదాం అనుకుంటూ నెల గడిపింది. మొదట్లో చెబితే భర్త కోపం తన మీదికి వస్తుందని భయం. తర్వాత ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదంటాడని భయం. రోజు గడిచేకొద్దీ ఆ రెండో భయమే పెరిగింది. కింద యాదగిరి షాపు గాజు తలుపుకి అంటించి ఉండే ఇళ్ళ కాగితాలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. పొద్దున కూరగాయలకి దిగినప్పుడల్లా ఆమె అవి లెక్కపెట్టేది. పదకొండు. ఎనిమిది. నాలుగు. మామూలుగా నమస్తే అక్కా అనే మనిషి, ఆమె వస్తుంటే మిషన్ మీదికి వంగిపోయేవాడు.

ఒక బుధవారం మధ్యాహ్నం హెప్సీ హాల్ టికెట్ ప్రింటు తీయించాల్సి వచ్చి, తప్పక షాపులోకి వెళ్ళింది. ఇంకెవరూ లేరు. యాదగిరి ప్రింటు తీసి, అంచులు సరిచేసి, కవర్లో పెట్టి ఇచ్చాడు. ఇచ్చాక చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"అక్కా, నేను జెప్పలే. నా పిల్లల మీద ఒట్టు. ఐదు ఇండ్ల తాళాలు వాపస్ తీసుకున్నరు. నేను సార్‌ను ఏమనను, ఆయన గుండె మండింది. మీకన్న ఎరిక గావాలె గదా."

"నాకు తెలుసు యాదగిరీ" అంది సెలీనా. "నేనే చెప్పాను."

అతనికి అర్థం కాలేదు. ఆమె అక్కడే, ప్రింటు కాగితాల కట్టల మధ్య నిలబడి మొత్తం చెప్పింది. మొక్కు, కూడిక, గజాలు, తారీఖు, రోహిత్. యాదగిరి స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"దేవునికి జెప్పేటప్పుడు గజాలు ఎందుకక్కా?" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. "ఆయనకు ఎరికలేదా?"

సెలీనా సార్‌కి చెబుతాను అంది. యాదగిరి అవునన్నట్టు తలూపాడు. క్షమించానని అనలేదు. ఆమె అడగనూ లేదు. తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగి, పుప్పాలగూడలో కింద పోర్షను ఏదైనా కిరాయికి ఉందా అని అడిగింది. కొనడానికి కాదు. నేల మీద ఉంటే చాలు, చర్చికి దగ్గరగా. ఇంకా తనని ఇల్లు అడిగే మనిషి ఒకరున్నారని అతనికి నమ్మకం చిక్కనట్టు కొంచెంసేపు చూశాడు. తర్వాత సొరుగులోంచి ఒక తాళం తీశాడు.

మర్నాడు యాదగిరితో కలిసి వెళ్ళి చూసింది. ఇంటామె పేరు కమలమ్మ. పైన ఆమె ఉంటుంది. కింద రెండు గదులు, వంటిల్లు. పైకప్పు తక్కువ ఎత్తు. ఎదురు అపార్ట్‌మెంటు గోడ అడ్డం ఉండటం వల్ల మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. హెప్సీకి గది ఉండదు. మెట్లు లేవు, గుమ్మం ఒక్కటే. చర్చి వెనక సందు అది. ఈశ్వరమ్మ ఇంటి జామచెట్టు కొమ్మలు ఆ సందు మలుపు నుంచి కనిపిస్తాయి. సెలీనా గోడలకి చెమ్మ ఉందేమో చేత్తో తడిమి చూసింది. వంటింటి కొళాయి తిప్పి చూసింది. సంచిలో టేపు ఉంది. బయటికి తీయలేదు.

ఆ ఆదివారం ఆరాధన చివర పాస్టరుగారు ప్రకటనలు చదివారు. సహోదరుడు రోహిత్ పుప్పాలగూడలో ఈశ్వరమ్మగారి దగ్గర కొనుక్కున్న గృహానికి ప్రతిష్ఠ వచ్చే నెల రెండో శనివారం, అందరూ కుటుంబాలతో రావాలని పుణ్యవతి అమ్మగారి మనవి. మగవాళ్ళ వరసలో కిరణ్ పాల్ వీపు బిగుసుకోవడం సెలీనాకి వెనకనించే కనిపించింది. కార్లో నల్లగండ్ల వచ్చేదాకా హెప్సీ ఇద్దరి ముఖాలూ చూస్తూ కూర్చుంది.

లిఫ్టు ఆ రోజు పనిచేస్తోంది.

ఆదివారం కోడికూర పొద్దున్నే వండి పెట్టేసి వెళ్తుంది సెలీనా. అన్నం ఒక్కటే వచ్చాక. రాహేలుకి వీలుగా ఉంటుందని ఆమె మంచం ఉన్న గదిలోనే అందరూ తింటారు. కంచాలు పెట్టారు. రాహేలు ప్రార్థన చేసింది, ఈ మధ్య చేస్తున్నట్టే పొట్టిగా. రెండు ముద్దలు తిన్నాక కిరణ్ పాల్ తల్లికి చెప్పాడు, మన ఇల్లు కొన్నది ఎవరో తెలుసా అని. చెప్పి, ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"రోహిత్‌కి చూపించింది కూడా ఆ యాదగిరే అయ్యుంటాడు. మన చర్చి మనుషుల్ని కూడా పట్టుకున్నాడు చూడు. వాణ్ణి నేను..."

"యాదగిరి కాదండీ" అంది సెలీనా.

చేతిలో ఉన్న గరిటె గిన్నెలో పెట్టింది. కూర్చోలేదు. కూడికలో నిలబడ్డట్టే నిలబడింది. ఈసారి వివరాలు ఎక్కువ లేవు.

"కూడికలో సాక్ష్యం చెప్పాను. సందు చెప్పాను, ధర చెప్పాను. మీరు వద్దన్నాక కూడా. పుణ్యవతి ఆంటీ పక్కిల్లు అడగడానికి వెళితే వాళ్ళబ్బాయి మన ఇల్లు చూశాడు. నాకు తెలిసి నెలైంది. మీకు చెప్పలేదు."

కిరణ్ పాల్ ముఖంలోకి కోపం వచ్చింది, నిలవలేదు. ఏదో లెక్క మళ్ళీ మొదట్నించీ వేసుకుంటున్నట్టు కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు. షాపు ముందు నిలబడ్డ నలుగురూ, గ్రూపులో వరసకట్టిన బొటనవేళ్ళూ అతనికి గుర్తొస్తున్నాయని సెలీనాకి తెలుసు.

"వెళ్ళి చెప్పమన్నది నేను" అంది రాహేలు. ఎంగిలి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది, తెల్లచీర మీద మరక పడుతుందని కూడా చూసుకోలేదు. పదకొండు నెలల తర్వాత పన్నెండో నెల కూడా దాటిందని, ఆవిడ ఆ రోజు ఫోన్‌లో ఆరాధనకి బీరువా అడుగు చీర తీసి కట్టుకుందని సెలీనా అప్పుడే గమనించింది. "నీకు చెబుతానని దీనికి చెప్పి, చెప్పలేదురా. తెలిస్తే ఆపుతావని."

"మీరు ఆ మెసేజీ తీసెయ్యాలండీ" అంది సెలీనా. "తీసెయ్యడం కాదు, తప్పని రాయాలి. సాయంత్రం మనిద్దరం షాపుకి వెళ్దాం. ఇంకోటి. ఒకటో తారీఖున మనం ఈ ఇల్లు ఖాళీ చేస్తున్నాం. పుప్పాలగూడలో చర్చి వెనక సందులో కింద పోర్షను. కిరాయికి. ఇంటామెకి మాటిచ్చి వచ్చాను. చిన్నది. వెలుతురు లేదు. కొనడానికి ఇల్లు ఇక నేను వెతకను. రెండో శనివారం ప్రతిష్ఠకి అక్కణ్ణించే వెళ్తాం. అత్తయ్య నడిచి వస్తారు."

హెప్సీ, తన గది సంగతి అడగబోయినట్టుంది, అడగలేదు. రాహేలు రెండు మోకాళ్ళ మీదా రెండు చేతులూ వేసుకుంది. ఆ ప్రతిష్ఠకి వెళ్ళడం ఆవిడకి ఇష్టమో కష్టమో ముఖంలో తెలియలేదు. కిరణ్ పాల్ తలెత్తాడు. తిట్టలేదు. ఎందుకు చెప్పావని అడగలేదు. బీరువా మీది కర్టెన్ గుడ్డ కవరు వైపు చూశాడు.

"కిటికీ ఎంతుంది?" అన్నాడు.

"కొలవలేదండీ" అంది సెలీనా, కూర్చుని తన కంచం దగ్గరికి లాక్కుంది.